ఉప్పుతో పసిబిడ్డల మెదడు కాపాడొచ్చని నిరూపించిన సిక్కోలు డాక్టర్.. ఎవరీ వులిమిరి రామలింగస్వామి?

కోటబొమ్మాళి నుంచి హైవే ఎక్కితే శ్రీకాకుళం సుమారు గంట ప్రయాణం. ఆ ఊళ్ళో పుట్టిన ఓ డాక్టర్ చేసిన పని ఇవాళ దేశంలో కోట్ల ఇళ్ళ వంటగదుల్లో ఉంది. ఉప్పు ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ చూసే ఉంటారు. అది అయోడిన్ కలిపిన ఉప్పు అని చెప్పే గుర్తు. పిల్లల మెదడుకు ఆ అయోడిన్ ఎంత అవసరమో, దాన్ని ఉప్పులో కలిపి ఇస్తే ఏం జరుగుతుందో మన దేశంలో లెక్కలతో సహా చూపించిన బృందానికి పెద్ద దిక్కు ఆయనే. పేరు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

ఎయిమ్స్ డైరెక్టర్‌గా, ఐసీఎంఆర్ అధిపతిగా ఆయన పేరు డాక్టర్లందరికీ తెలుసు. కానీ పిల్లల్ని పెంచే అమ్మలకు, అమ్మమ్మలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఆయన గురించి తెలిసింది తక్కువ. నిజానికి ఆయన జీవితమంతా చేసిన పరిశోధన వాళ్ళకోసమే. బిడ్డ ఎదగకపోవడానికి కారణం బిడ్డలో కాదు, బిడ్డ పుట్టకముందే మొదలైన లోటులో వెతకాలన్నది దాని సారాంశం.

శ్రీకాకుళం టు విశాఖ

రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. ఊరిని చికాకోల్ అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం సొంతంగా జిల్లా అయింది 1950లో.

డాక్టరు చదువుకు ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకు అప్పట్లో దగ్గర్లో ఉన్న దారి ఒక్కటే. 1923లో మొదలైన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ. రామలింగస్వామి అక్కడే చదివారు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ మరుసటి ఏడాది బెంగాల్ కరువు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. యుద్ధం, ఆకలి రెండూ కళ్ళముందే ఉన్న కాలంలో ఆయన 1944లో ఎంబీబీఎస్, 1946లో ఎండీ పూర్తి చేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళి 1951లో డీఫిల్ పట్టా అందుకున్నారు.

ఆయన ఎంచుకున్న విభాగం పాథాలజీ. అంటే రోగి మంచం పక్కన నిలబడి మందు రాసే పని కాదు. జబ్బు చేసిన అవయవం ముక్కను సన్నగా కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, లోపల ఏం జరిగిందో చూసే పని. కొంతమందికి ఇది జీవితాంతం గదిలో కూర్చుని చేసే ఉద్యోగం. ఆయన మాత్రం ఆ గాజు పలక మీద కనిపించిందాన్ని పట్టుకుని ఊళ్ళలోకి వెళ్ళారు.

కూనూరులో మొదలైన ప్రశ్న

నీలగిరి కొండల్లోని కూనూరులో అప్పట్లో పోషకాహార పరిశోధనాశాల ఉండేది. 1918లో బ్రిటిష్ డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక్క గదిలో మొదలుపెట్టిన సంస్థ అది. ఆ మెక్‌కారిసన్ కూడా అంతకుముందు గిల్గిట్ కొండల్లో గొంతు వాపు జబ్బు మీద పనిచేసినవాడే. అదే సంస్థ 1958లో హైదరాబాద్‌కు మారింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, అదే.

రామలింగస్వామి కూనూరులో పాథాలజిస్టుగా చేరారు. దక్షిణాది ఆసుపత్రులకు అప్పట్లో ఓ రకం పిల్లలు ఎక్కువగా వచ్చేవాళ్ళు. వయసు ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య. కాళ్ళు, మొహం ఉబ్బి ఉంటాయి. చూసేవాళ్ళకు బొద్దుగా ఉన్నాడనిపిస్తుంది. వేలితో నొక్కితే మాత్రం గుంట పడుతుంది. జుట్టు ఎర్రబడి పలచగా అయిపోతుంది. చర్మం పొరలుగా ఊడుతుంది. అన్నిటికంటే భయపెట్టేది బిడ్డ మౌనం. ఆడడు, నవ్వడు, బొమ్మ ఇచ్చినా పట్టుకోడు.

ఈ జబ్బు పేరు క్వాషియోర్కర్. 1930ల్లో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, ఇప్పటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ దీన్ని ప్రపంచానికి చెప్పారు. అక్కడి భాషలో ఆ మాటకు అర్థం, తర్వాతి బిడ్డ పుట్టగానే ముందు బిడ్డకు వచ్చే జబ్బు అని. తల్లి మళ్ళీ కడుపుతో ఉంటే పెద్దవాడికి పాలు మాన్పిస్తారు. గంజి, అన్నం మీద పడేస్తారు. కడుపు నిండుతుంది కానీ ఒంటికి కావాల్సింది అందదు. మన ఊళ్ళలోనూ జరిగేది ఇదే.

కోతుల మీద ప్రయోగం.. తేలింది ఏంటంటే

పిల్లల్లో కనిపిస్తున్న ఈ మార్పులకు కారణం తిండి లోపమేనా? లేక వేరే ఇన్ఫెక్షన్ ఏదైనా ఉందా? ఇదీ అప్పటి డాక్టర్ల మధ్య చర్చ. 1957లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్‌గా చేరిన రామలింగస్వామి, దీన్ని తేల్చడానికి రీసస్ కోతుల మీద పరిశోధన చేశారు. శక్తినిచ్చే పిండి పదార్థం ఇస్తూ, ప్రొటీన్ మాత్రం బాగా తగ్గించారు.

కొన్నాళ్ళకు ఆ కోతుల్లోనూ పిల్లల్లో కనిపించిన లక్షణాలే కనిపించాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే పిల్లల కాలేయానికీ వీటి కాలేయానికీ పోలికలు దొరికాయి. 1960ల మొదట్లో వచ్చిన ఈ పరిశోధన ఆయన బృందానికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది.

క్వాషియోర్కర్‌కు ప్రొటీన్ ఒక్కటే కారణం కాదని, మొత్తం తిండి చాలకపోవడం, మాటిమాటికీ వచ్చే విరేచనాలు, ఇన్ఫెక్షన్లు కూడా కలుస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా ఆ ప్రయోగం నేర్పిన పాఠం ఒకటి నిలిచిపోయింది. కడుపు నిండటం వేరు, బిడ్డ ఎదగడం వేరు. పళ్ళెంలో అన్నం కొండలా ఉన్నా, పక్కన పప్పో గుడ్డో చేపముక్కో లేకపోతే ఆ ఒళ్ళు లోపల్నుంచి గుల్లవుతుంది.

కాంగ్రా లోయలో లక్ష మంది మీద పరీక్ష

రామలింగస్వామి పేరు చెప్పగానే ముందుగా గుర్తొచ్చేది కాంగ్రా లోయ. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. అప్పట్లో పంజాబ్‌లో భాగం. కాశ్మీర్ నుంచి ఈశాన్యం దాకా హిమాలయాల పొడవునా గొంతు వాపు జబ్బు, అంటే గాయిటర్, ఉండేది. మెడ ముందు భాగంలో కాయలా ఉబ్బు వస్తుంది. కొన్ని ఊళ్ళలో అది ఎంత మామూలంటే, దాన్ని జబ్బుగానే అనుకునేవాళ్ళు కాదు.

కారణం నేలలో ఉంది. వేల ఏళ్ళుగా మంచు, వానలు కొండల మీది మట్టిలోని అయోడిన్‌ను కడిగేశాయి. మట్టిలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది పళ్ళెంలో ఉండదు. గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ దొరకనప్పుడు, దొరికిన కాస్తనే పట్టుకోవాలని అది పెరుగుతూ పోతుంది. అదే మెడ మీద కనిపించే ఉబ్బు.

1950ల మధ్యలో రామలింగస్వామి, ఆయన సహచరులు ఈ లోయలో సుమారు లక్ష మంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు. ఇంకో భాగానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు. మధ్యలో భాగానికి మామూలు ఉప్పు. ఎవరూ మాత్ర మింగక్కర్లేదు, ఇంజెక్షన్ వేయించుకోనక్కర్లేదు. రోజూ కూరలో వేసుకునే ఉప్పు వేసుకుంటే చాలు.

మొదలుపెట్టినప్పుడు మూడు చోట్లా బడి పిల్లల్లో దాదాపు 38 శాతం మందికి గొంతు వాపు ఉంది. 1962లో మళ్ళీ లెక్క చూశారు. అయోడైడ్ ఉప్పు తిన్న చోట 19 శాతానికి పడిపోయింది. అయోడేట్ ఉప్పు తిన్న చోట 15 శాతానికి వచ్చింది. మామూలు ఉప్పు తిన్న చోట మాత్రం 40 శాతం. అంటే ఏమీ తగ్గలేదు.

ఇక అనుమానానికి చోటు లేకపోయింది. దాంతో ఆ మధ్య భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. 1968 నాటికి అక్కడా 17 శాతానికి దిగింది. ముందు నుంచి తింటున్న రెండు చోట్లా 9 శాతం దరిదాపులకు వచ్చేసింది.

ఈ ఫలితాలు ఊరికే పోలేదు. 1962లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ అసలు సంగతి గొంతు వాపు కాదు.

మెడ మీద కనిపించేది కొంత.. మెదడులో జరిగేది ఎంతో

ఇక్కడే పిల్లల్ని పెంచేవాళ్ళు ఆగి చదవాల్సిన విషయం ఉంది. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ లేకుండా బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదు. మెదడు కణాలు పుట్టాలన్నా, వాటి చోటికి అవి వెళ్ళాలన్నా, ఒకదానితో ఒకటి అతుక్కోవాలన్నా అది కావాలి. గర్భం మొదటి నెలల్లో బిడ్డకు సొంత హార్మోన్ ఉండదు. తల్లి నుంచి వచ్చిందే ఆధారం. ఆ సమయంలో తల్లికే అయోడిన్ లేకపోతే బిడ్డకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

లోపం బాగా ఎక్కువైతే పుట్టే బిడ్డకు వినికిడి, మాట ఉండకపోవచ్చు. పొట్టిగా, బుద్ధి ఎదగకుండా ఉండిపోవచ్చు. దీన్ని క్రెటినిజం అంటారు. ఇంతకంటే చాప కింద నీరులాంటి నష్టం ఇంకోటి ఉంది. లోపం కొంచెమే ఉంటే బిడ్డ చూడ్డానికి బాగానే ఉంటాడు. బడికి వెళతాడు. కానీ పాఠం ఆలస్యంగా ఎక్కుతుంది. మొద్దు అని పేరు పడుతుంది. వాడు మొద్దు కాదు. వాడి తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో ఉప్పులో చిటికెడు కూడా లేని పదార్థం ఒకటి లోపించింది, అంతే.

పైగా గడిచిన సమయం తిరిగి రాదు. పదేళ్ళ పిల్లకు గొంతు వాపు వస్తే అయోడిన్ ఇచ్చి తగ్గించొచ్చు. కడుపులో ఉన్నప్పుడు మెదడుకు జరిగిన నష్టాన్ని పదేళ్ళ తర్వాత ఎంత అయోడిన్ పోసినా పూడ్చలేం. పిల్లల ఎదుగుదల శాస్త్రంలో దీన్నే కీలక కాలం అంటారు. ప్రతి అవయవానికీ ఎదిగే సమయం ఒకటి ఉంటుంది. అది దాటాక తలుపు మూసుకుపోతుంది.

ఈ ఆలోచన ముదిరాకే ప్రపంచం గాయిటర్ అనే మాట వదిలి, అయోడిన్ లోప వ్యాధులు అనే పెద్ద మాటకు మారింది. మన జాతీయ కార్యక్రమం పేరు కూడా 1992లో అలాగే మార్చారు. అంతకుముందే 1980ల్లో, కొండ ప్రాంతాలకే కాకుండా దేశం మొత్తానికీ అయోడిన్ ఉప్పు ఇవ్వాలని నిర్ణయం జరిగింది.

ఎయిమ్స్ టు ఐసీఎంఆర్

పదవుల సంగతి క్లుప్తంగా చూస్తే, 1969 నుంచి 1979 దాకా ఎయిమ్స్ డైరెక్టర్. 1979 నుంచి 1986 దాకా ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ అవార్డు, 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ్, 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే లియాన్ బెర్నార్డ్ బహుమతి. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎంపిక. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు నిజం తేల్చడానికి వేసిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు.

ఆయన ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న కాలంలోనే, 1975 అక్టోబర్ 2న, దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలైంది. మన ఊరి అంగన్‌వాడీకి పుట్టుక అదే. గర్భిణి, బాలింత, ఆరేళ్ళలోపు బిడ్డ.. ముగ్గురినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన పథకం అది.

ఇన్ని పదవులు చూసినా ఆయన పరిశోధన దారి మారలేదు. గర్భిణుల్లో రక్తహీనత, పిల్లల్లో పోషణ లోపం, అయోడిన్.. ఈ మూడింటి చుట్టూనే తిరిగింది. మూడూ తల్లీబిడ్డల సమస్యలే.

ఆసియా చిక్కుముడి.. 75 ఏళ్ళ వయసులో పెద్ద ప్రశ్న

రిటైరయ్యాక ఆయన యునిసెఫ్‌కు సలహాదారుగా పనిచేశారు. 1996లో యునిసెఫ్ తెచ్చిన వార్షిక నివేదికలో ఆయన, అర్బన్ జాన్సన్, జాన్ రోడ్ కలిసి ఓ వ్యాసం రాశారు. దాని పేరు ఆసియన్ ఎనిగ్మా. అంటే ఆసియా చిక్కుముడి. కొద్ది పేజీలే అయినా, పిల్లల పోషణ మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

ప్రశ్న ఇది. ఆఫ్రికా అంటే కరువులు, యుద్ధాలు. మన దగ్గర పంటలు పండుతున్నాయి, గోదాములు నిండాయి. అయినా బరువు తక్కువ పిల్లలు ఆఫ్రికాలో మూడో వంతు లోపు ఉంటే, దక్షిణాసియాలో సగం మంది దాకా ఎందుకు ఉన్నారు? ప్రపంచంలో పోషణ లోపంతో ఉన్న పిల్లల్లో సగం మంది భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లోనే ఎందుకు ఉన్నారు?

చాలామంది చెప్పే కారణాలను ఆ ముగ్గురూ ఒక్కొక్కటిగా పక్కన పెట్టారు. పేదరికం ఒక్కటే కారణం కాదు. శాకాహారం కారణం కాదు. తిండిగింజల కొరత కాదు. మనవాళ్ళ జాతే పొట్టి అన్న మాటా నిలబడదు.

వాళ్ళు వేలు చూపించింది ఆడవాళ్ళ స్థితి వైపు. దక్షిణాసియాలో మూడో వంతు బిడ్డలు పుట్టేటప్పుడే రెండున్నర కిలోల కంటే తక్కువ ఉంటున్నారు. ఆఫ్రికాలో ఇది ఆరో వంతే. అంటే బిడ్డ పరుగు పందెంలో మొదటి గీత దగ్గరే వెనకబడుతోంది. తల్లి గర్భంతో ఉండగా పెరగాల్సిన బరువు పది కిలోల దాకా ఉంటే, ఇక్కడ చాలామంది పెరిగేది అందులో సగమే. కారణం తెలిసిందే. ఇంట్లో అందరూ తిన్నాక ఆడమనిషి తింటుంది. మిగిలింది తింటుంది. తనకు జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్ళాలో వద్దో తను నిర్ణయించలేదు.

రెండోది, పుట్టాక బిడ్డకు దొరకాల్సిన సంరక్షణ. మురికి నీళ్ళు, ఇరుకు ఇళ్ళు, మాటిమాటికీ విరేచనాలు. తల్లికి బిడ్డ దగ్గర కూర్చుని, ఓపిగ్గా నాలుగు ముద్దలు పెట్టే సమయం ఉండదు. అన్నం ఇంట్లో ఉన్నా బిడ్డ కడుపులోకి వెళ్ళదు. బిడ్డ బాగుండాలంటే ముందు తల్లి బాగుండాలి, ఆమె మాటకు ఇంట్లో విలువ ఉండాలి. మైక్రోస్కోప్‌తో మొదలైన మనిషి చివరికి వచ్చి ఆగింది ఇక్కడ.

ఆయన పోయాక, 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ఎదుగుదల ప్రమాణాలు ప్రకటించింది. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా.. ఆరు దేశాల్లో మంచి సంరక్షణ దొరికిన పిల్లల్ని కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తేలింది ఏంటంటే, మొదటి ఐదేళ్ళలో ఏ దేశం బిడ్డ అయినా దాదాపు ఒకేలా పెరుగుతుంది. మా వంశంలో అందరూ ఇంతే అని సరిపెట్టుకోవడానికి ఇక వీల్లేదు.

పెంచేవాళ్ళకు ఇందులో ఏముంది?

పలాసలో తెల్లారి జీడి బట్టీకి వెళ్ళే తల్లి, తీరంలో చేపల గంప ఎత్తుకునే తల్లి, ఉద్దానం తోటల్లో కూలికి పోయే తల్లి. వీళ్ళ పిల్లలు పగలంతా అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో అంగన్‌వాడీలోనో ఉంటారు. కాబట్టి ఈ మాటలు తల్లికి మాత్రమే కాదు, ఇంట్లో అందరికీ.

మొదటిది, ఎదుగుదలకు ఓ వరుస ఉంటుంది. పై నుంచి కిందికి వస్తుంది. ముందు మెడ నిలుస్తుంది, తర్వాత నడుము, ఆ తర్వాత కాళ్ళు. మూడు నాలుగు నెలలకు మెడ నిలపడం, ఆరు నుంచి ఎనిమిది నెలలకు కూర్చోవడం, ఏడాది అటూ ఇటూ నడవడం మామూలు. చేతుల్లో లోపల్నుంచి బయటికి వస్తుంది. ముందు మొత్తం అరచేత్తో పట్టుకుంటారు. తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడువేలితో మెతుకు ఏరుకుంటారు. ఒక బిడ్డ రెండు నెలలు ముందు, ఇంకో బిడ్డ రెండు నెలలు వెనక ఉండొచ్చు. పక్కింటి బిడ్డతో పోల్చి కంగారు పడక్కర్లేదు. కానీ ఐదు నెలలు దాటినా మెడ నిలవకపోతే, పిలిస్తే తల తిప్పకపోతే, వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఆగకూడదు. డాక్టర్‌కు చూపించాలి.

రెండోది, బరువు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఐదారు నెలలకు రెట్టింపు అవ్వాలి, ఏడాదికి మూడు రెట్లు. పొడవు 50 సెంటీమీటర్ల నుంచి ఏడాదికి 75 దాకా. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేసి చార్టులో చుక్క పెడతారు. ఆ చుక్క ఎక్కడుందన్నదే కాదు, గీత పైకి పోతోందా, అడ్డంగా ఆగిందా అన్నది చూడాలి. ఒక నెల గీత అడ్డంగా పోయిందంటే బిడ్డ ఇంకా నవ్వుతూనే ఉంటాడు, ఆడుతూనే ఉంటాడు. కానీ లోపల ఏదో తగ్గింది. బిడ్డ చిక్కినట్టు మన కంటికి కనిపించేసరికి ఆలస్యం అయిపోతుంది.

మూడోది, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా ఉండే గండం. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత పాలు ఇస్తూనే తిండి మొదలుపెట్టాలి. చాలా ఇళ్ళలో ఇక్కడే తేడా కొడుతుంది. పలచటి గంజి, జావ నీళ్ళు పోస్తారు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్ళతోనే నిండిపోతుంది. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. చోడి పిండి, పెసరపప్పు, మెత్తగా చిదిమిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, తోటకూర, మునగాకు, ఒక చెంచా నూనె లేదా నెయ్యి. ఇవన్నీ మన దగ్గర దొరికేవే.

నాలుగోది, తిండితో పాటు మాట. బిడ్డకు పెట్టేటప్పుడు సెల్‌ఫోన్ ఎదురుగా పెడితే నోరు తెరుస్తాడు, నిజమే. కానీ మాట నేర్చుకునేది ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి. క్వాషియోర్కర్ పిల్లల్లో డాక్టర్లను కలవరపెట్టింది ఆ మౌనమే. ఒళ్ళు, మనసు విడివిడిగా ఎదగవు. చందమామను చూపిస్తూ ముద్దపెట్టే నాయనమ్మ చేస్తున్నది ఈ రెండు పనులూ.

ఐదోది, గర్భిణి కంచం. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని తిండి తగ్గించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. బాలింతకు పథ్యం పేరుతో పప్పు, కూర, పండు ఆపేస్తారు. బిడ్డను కట్టడి చేస్తున్నట్టే అది. ఐరన్ మాత్రలు, రోజుకో గుడ్డు, ఇంటి పనిలో సాయం. గర్భిణికి ఈ మూడూ మగవాళ్ళు చూసుకోవాల్సినవి.

మన నౌపడ ఉప్పు మాటేంటి?

ఇక ఉప్పు దగ్గరికి వద్దాం. కోటబొమ్మాళి పక్కనే సంతబొమ్మాళి మండలంలో నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి. తరాలుగా ఈ ప్రాంతానికి ఉప్పు, ఎందరికో కూలి ఇస్తున్న మడులు అవి. దగ్గర్లో దొరికే కల్లుప్పే మంచిదని, సముద్రం ఉప్పులో అయోడిన్ ఎలాగూ ఉంటుందని చాలామంది నమ్మకం.

ఇది పొరపాటు. సముద్రపు నీటిలో అయోడిన్ ఉన్నమాట నిజమే. కానీ నీరు ఎండి ఉప్పు గడ్డకట్టేసరికి అందులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. సముద్రపు చేపల్లో కొంత దొరుకుతుంది కానీ అవి రోజూ అందరి పళ్ళెంలోకీ రావు. సర్వేలు చేసిన కొద్దీ తేలింది, దేశంలో ఏ రాష్ట్రమూ అయోడిన్ లోపం లేకుండా లేదు. కొండల జబ్బు అనుకున్నది తీరంలోనూ ఉంది.

పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 మైక్రోగ్రాములు కావాలి. జీవితమంతా కలిపినా ఒక టీ చెంచాడే. మడిలో పండిన ఉప్పు తప్పేం కాదు. అదే ఉప్పుకు ఫ్యాక్టరీలో అయోడేట్ కలిపితే సరిపోతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద సూర్యుడి గుర్తు చూడాలి. మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టాలి. కూర దించే ముందు వేస్తే ఇంకా మంచిది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెబుతారు. అది కచ్చితంగా పాటించాల్సిందే. ఎక్కువ ఉప్పు తినమని ఎవరూ చెప్పడం లేదు. తినే ఆ కాస్త అయోడిన్ ఉన్నదై ఉండాలి, అంతే.

చివరి రోజులు

అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదన్న నిబంధన 1990ల చివర్లో దేశమంతా వచ్చింది. కానీ 2000లో కేంద్రం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఏ ఉప్పు తినాలన్నది జనం ఇష్టం అన్న వాదన అప్పట్లో గట్టిగా వినిపించింది. కడుపులో ఉన్న బిడ్డకు ఎంచుకునే అవకాశం ఉండదన్నది డాక్టర్ల జవాబు.

ఆ నిషేధం లేని రోజుల్లోనే, 2001 మే 28న, రామలింగస్వామి ఢిల్లీలో కన్నుమూశారు. వయసు 79 ఏళ్ళు. 2006లో నిషేధం మళ్ళీ అమల్లోకి వచ్చింది. అది చూడటానికి ఆయన లేరు.

ఇప్పుడు దేశంలో ఎక్కువ ఇళ్ళలో అయోడిన్ ఉప్పే ఉంది. అయితే ఆయన లేవనెత్తిన రెండో ప్రశ్నకు జవాబు ప్యాకెట్‌లో దొరకదు. ఇంట్లో ఆడమనిషి ఎప్పుడు తింటోంది, ఏం తింటోంది, పని దగ్గర బిడ్డకు పాలివ్వడానికి ఆమెకు ఎంత సమయం దొరుకుతోంది? వీటికి జవాబు ప్రతి ఇల్లూ, పనికి పెట్టుకునే ప్రతి యజమానీ చెప్పాలి.